ఉత్తరములు – చిరునామాలు – జల్లెడలు

సూర్యాపేట నుండి కోదాడకు, కోదాడ నుండి మిర్యాలగూడకు, అచ్చటి నుండి మరల సూర్యాపేటకు వచ్చువాడు ఒక త్రికోణమును చుట్టివచ్చినవాడగును. ఆ త్రికోణములో చూడదగినవి మూడు గలవు. హైదరాబాదు నుండి బెజవాడ మీదుగా మచిలీపట్నమునకు పోవు రాజమార్గము ఒకటి. నాగార్జునసాగరపు ఎడమ కాలువ రెండవది. ఆ నీటితో పండిన వడ్లను బియ్యముగా మార్చు మిర్యాలగూడ మిల్లులు మూడవది. బాట, కాలువ, జల్లెడ – ఈ మూటిని మనసులో నుంచుకొన్నచో నేడు నేను చెప్పబోవు చరిత్ర సులభముగా బోధపడును.

ఈ మూడు ఊళ్ళలోను శాఖలు గల ఒక చిన్న విద్యాసంస్థకు నేను కొంతకాలము ఉత్తరముల కాపరిగా నుంటిని. ఉత్తరములనగా కాగితపు ఉత్తరములు కావు, ఈమెయిళ్ళు. సూర్యాపేటలో ఒక గది మూలన లినక్సు వ్యవస్థతో నడచు యంత్రమొకటి యుండెడిది. దానిని మెయిలు సర్వరందురు. లోకములో నెక్కడి నుండి మాకు ఉత్తరము వచ్చినను ఆ యంత్రమే అందుకొని, మంచిదేదో చెడ్డదేదో ఏరి, ఎవరిది వారికి పంచవలెను.

ఒక వేసవిలో కోదాడ విద్యార్థిని ఒకామెకు పైచదువు విషయమై ఉత్తరము వచ్చినది. ఫలానా తేదీన స్వయముగా వచ్చి మాటలాడవలెనని అందులో నున్నది. ఆ ఉత్తరము మా యంత్రమునకు చేరినది కాని ఆమెకు చేరలేదు. యంత్రము దానిని తాలుగింజగా నెంచి చెత్త అరలో పడవేసెను. తొమ్మిది దినముల పిమ్మట ఆమె ఆ అరను తెరచి చూచునప్పటికి తేదీ దాటిపోయెను. ఆమె నన్ను నిందింపలేదు. "ఉత్తరం రాలేదనుకొన్నాను సార్. వచ్చే ఉన్నదా?" అని మాత్రమే అడిగెను. ఆ ప్రశ్నకు నా యొద్ద సమాధానము లేకపోయెను.

దోషమెక్కడ నున్నదో వెదకుచు పోయిన కొలది నేను యంత్రము నుండి చరిత్రలోనికి పోవలసివచ్చెను. ఉత్తరమునకు చిరునామా ఎట్లు ఏర్పడినది? దానిని ఎవరు చదువుదురు? తాలును గింజను వేరుచేయు పని ఎప్పుడు మొదలైనది? ఇవి తెలియక ఆ దోషము నాకు దొరకలేదు. కావున ఆ క్రమముననే మీకును మనవి చేసెదను.

కాగితపు ఉత్తరముల సంగతి మొదట చూతము. సూర్యాపేటకు పూర్వము భానుపురి యని పేరు. ఈ మూడు ఊళ్ళును 1948 వరకు నిజాము రాజ్యములోని నల్లగొండ జిల్లాకు చెందినవి. ఆ రాజ్యమునకు సొంత తపాలా యుండెను. 1869లో దాని మొదటి స్టాంపులు వెలువడినవి. కాని ఆ స్టాంపు రాజ్యపు సరిహద్దు లోపలనే చెల్లును. కోదాడకు తూర్పున కొలది మైళ్ళలోనే సరిహద్దు. అవతల జగ్గయ్యపేట, అది చెన్నరాజధానిలోని కృష్ణా జిల్లా. అచ్చట నడచునది బ్రిటిషు ఇండియా తపాలా. బండి మీద ఒక పూటలో పోదగిన దూరమునకు ఉత్తరము ఒక ఏలుబడి నుండి మరియొక ఏలుబడికి దాటవలసియుండెను. 1950 ఏప్రిలు 1వ తేదీన నిజాము తపాలా భారత తపాలాలో కలిసిన పిమ్మట ఆ భేదము తొలగిపోయెను.

తరువాత 1972 ఆగస్టు 15వ తేదీన పిన్ సంఖ్యలు అమలులోనికి వచ్చినవి. వానిని రూపొందించినవారు శ్రీరామ భికాజీ వేలంకర్ గారు; వారు కేంద్ర ప్రభుత్వములో ఉన్నతోద్యోగి మాత్రమే కాక సంస్కృత కవి కూడ. ఒకే పేరుగల ఊళ్ళు పెక్కులుండుట, ఒక్కొక్కరు ఒక్కొక్క భాషలో చిరునామా వ్రాయుట, ఈ చిక్కులను ఆరంకెల సంఖ్య తీర్చినది. సూర్యాపేటకు 508213, కోదాడకు 508206, మిర్యాలగూడకు 508207. మూటికిని మొదటి మూడంకెలు ఒకటే. మొదటి అంకె దేశములోని పెద్ద భాగమును, తరువాతివి చిన్న భాగములను, కడపటి మూడు తపాలా కచేరీని చూపును. అనగా పెద్ద దాని నుండి చిన్న దానికి దిగుట. 2016 అక్టోబరు 11వ తేదీన సూర్యాపేట నల్లగొండ నుండి విడివడి వేరు జిల్లా అయినది. కోదాడ అందులో చేరినది. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. జిల్లా పేరు మారినను పిన్ సంఖ్య మారలేదు. ఉత్తరము ఎప్పటివలెనే చేరుచుండెను. పేరు వేరు, సంఖ్య వేరు అను సంగతి ఇచ్చట గుర్తుంచుకొనవలెను. రెంటిని జతపరచువాడు ఒకడు కావలెను. కాగితపు ఉత్తరములకు ఆ పని తపాలా గుమాస్తా చేయును. విద్యుత్ ఉత్తరములకు ఎవరు చేయవలెను?

అమెరికాలో 1969లో ఆర్పానెట్ అను యంత్రముల వల మొదలైనది. 1971లో రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు ఒక యంత్రము నుండి మరియొక యంత్రమునకు ఉత్తరము పంపుచు, మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ నేడు లోకమంతట తెలిసిన ఆ చుట్టిన గుర్తును ఉంచెను. యంత్రములకు నిజమైన చిరునామా పేరు కాదు, సంఖ్య. ఏ పేరునకు ఏ సంఖ్యయో చూపు పట్టిక ఒకటి కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో నుండెను. ఎలిజబెత్ ఫైన్లర్ అను విదుషి నడపిన కార్యాలయము ఆ పట్టికను కాపాడుచుండెను. కొత్త యంత్రము వచ్చినచో వారికి తెలుపవలెను. వారు పట్టికలో చేర్చవలెను. తక్కినవారందరు ఆ పట్టికను మరల తెచ్చుకొనవలెను. వందలలో యంత్రములున్నంతవరకు ఇది సాగినది. సంఖ్య పెరిగినకొలది పట్టిక తయారగునప్పటికే పాతబడిపోవ మొదలిడెను.

1983 నవంబరులో పాల్ మోకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు దీనికొక మార్గము చూపెను. అదియే డి.ఎన్.ఎస్. అనగా పేళ్ళ వ్యవస్థ. 1987లో దానికి స్థిరమైన రూపము వచ్చినది. ఆయన చేసిన దేమి? పట్టికను పెంచలేదు, పంచెను.

దీనిని మన ఎడమ కాలువతో పోల్చి చెప్పవచ్చును. 1955 డిసెంబరు 10వ తేదీన జవాహర్లాల్ నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము నుండి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. ఆనకట్ట మీది అధికారికి కోదాడ దగ్గర ఒక రైతు పొలమునకు తూము ఎక్కడ నున్నదో తెలియదు, తెలియనవసరము లేదు. ఏ పెద్దకాలువ ఎటు పోవునో తెలిసిన చాలును. ఆ కాలువ మీది వానికి తన క్రింది పిల్లకాలువలు తెలియును. ఆ పిల్లకాలువ మీది లస్కరునకు తన తూములు తెలియును. పొలము జాడ కావలసినవాడు ఆనకట్ట నుండి ఒక్కొక్క మెట్టు దిగుచు అడిగికొనుచు పోవలెను. డి.ఎన్.ఎస్. కూడ ఇట్టిదే. మూలసర్వరులకు 13 పేళ్ళు గలవు. అవి ‘ఇన్’ అను భారతదేశపు పేరు ఎవరి యొద్ద నున్నదో చెప్పును. వారు ఆ క్రిందివారిని చూపుదురు. కడపటివాడు సంఖ్య చెప్పును. ఈ ఊరేగింపంతయు మన తరఫున చేసి వచ్చు యంత్రమును రిజాల్వరందురు. అది తెచ్చిన జవాబును కొంతకాలము జ్ఞాపకముంచుకొనును. ఎంతకాలమో జవాబు చెప్పినవాడే నిర్ణయించును. గడువు తీరగానే మరల అడుగవలెను. లేనిచో సూర్యాపేట జిల్లా యైన తరువాత కూడ నల్లగొండ జిల్లా యని వ్రాయుచుండువారివలె ఉండును.

ఈ పేళ్ళ వ్యవహారము మనకు దూరపు మాట కాదు. తెలుగు లిపిలో ‘భారత్’ అను పేరు 2011లో ఆ మూలపట్టికలో చేరినది. లోకమునకంతకు ఈ పేళ్ళ సంగతి చూచు ఐకాన్ సంస్థ తన 57వ సమావేశమును 2016 నవంబరులో హైదరాబాదులోనే జరిపినది. సూర్యాపేట కొత్త జిల్లా యైన నెల దాటకముందే, నూరు మైళ్ళ లోపల, ప్రపంచపు పేళ్ళ సభ కూడినదన్న మాట.

ఇక తాలు సంగతి. ఉత్తరమున్నచోట అక్కరలేని ఉత్తరము కూడ నుండును. 1978 మే 3వ తేదీన అమెరికాలోని ఒక కంప్యూటరు సంస్థ విక్రేత గేరీ థర్క్, ఆర్పానెట్ చిరునామాల అచ్చుపుస్తకమును ముందిడుకొని, సుమారు 400 మందికి తన యంత్రముల ప్రకటనను ఒక్కసారిగా పంపెను. చాలమందికి కోపము వచ్చినది. కొందరు యంత్రములు కొనిరి కూడ! ఈ రెండవ సంగతియే తరువాతి కష్టములకన్నిటికి మూలము. ఇట్టివానికి స్పామ్ అని పేరు తరువాత వచ్చినది. అది 1937లో అమెరికాలో పుట్టిన డబ్బా మాంసపు పేరు. 1970లో బి.బి.సి. వారి ఒక హాస్య నాటికలో ఫలహారశాలలో ఏది అడిగినను ఆ మాంసమే వచ్చును. తక్కిన మాటలేవియు వినబడనీయక ఆ పేరే పాడుచుందురు. మంచి మాటను వినబడనీయనిదే స్పామ్. ఇంతకన్న చక్కని నిర్వచనము నాకు కనబడలేదు.

మన ఇండ్లలో ధాన్యమును శుభ్రపరచుటకు రెండు ఉపాయములు గలవు. చేటతో చెరిగినచో తేలికైన తాలు ఎగిరిపోవును. జల్లెడ పట్టినచో పరిమాణమును బట్టి వేరగును. రాయి బరువైనది గనుక చెరిగిన పోదు. గింజంత రాయి జల్లెడలో నిలువదు. అందుచేత రెండును కావలెను. ఉత్తరముల విషయములో కూడ రెండు పరీక్షలు పుట్టినవి. ఉత్తరములో నేమున్నదని చూచుట ఒకటి. పంపినవాడెవడని విచారించుట మరియొకటి.

మొదటి దానికి ఆధారము పాతది. థామస్ బేయిస్ అను ఆంగ్ల మతాచార్యుడు వ్రాసిన సంభావ్యతా సిద్ధాంతము ఆయన మరణానంతరము 1763లో వెలువడినది. ఒక్కొక్క గుర్తును చూచినకొలది మన నమ్మకమును ఎంత మార్చుకొనవలెనో అది చెప్పును. 2002లో పాల్ గ్రాహమ్ ఒక వ్యాసములో ఆ పద్ధతిని స్పామునకు ప్రయోగించి ప్రచారములోనికి తెచ్చెను. 2001లో జస్టిన్ మేసన్ వెలువరించిన స్పామ్ అసాసిన్ అను ఉచిత సాధనము పెక్కు పరీక్షలు జరిపి, ఒక్కొక్క గుర్తునకు కొన్ని మార్కులు వేసి, మొత్తము 5 దాటినచో తాలు అని ముద్ర వేయును. మా యంత్రములో నున్నది ఇట్టిదే.

రెండవ దానిని 1997లో పాల్ విక్సీ ప్రభృతులు మొదలుపెట్టిరి. స్పామ్ పంపు యంత్రముల సంఖ్యలను ఒక నిషేధ పట్టికగా కూర్చిరి. ఆ పట్టికను చూచుటకు కొత్త మార్గము వేయక, ఉన్న డి.ఎన్.ఎస్.నే వాడుకొనుట ఇందులోని నేర్పు. యంత్రపు సంఖ్య పిన్ సంఖ్యవలె పెద్ద దాని నుండి చిన్న దానికి ఎడమ నుండి కుడికి నడచును. డి.ఎన్.ఎస్. పేరు దీనికి వ్యతిరేకము. మన కవరు మీది చిరునామావలె మొదట మనిషి, తరువాత వీధి, కడపట దేశము. కావున 192.0.2.25 అను యంత్రమును గూర్చి అడుగవలెనన్న అంకెలను తలక్రిందులు చేసి 25.2.0.192 అని వ్రాసి, దాని చివర పట్టిక పేరు తగిలించి, అట్టి పేరు గలదా యని అడుగుదురు. పేరు లేదని జవాబు వచ్చినచో యంత్రము పట్టికలో లేనట్లు. 127తో మొదలగు ఒక సంఖ్య వచ్చినచో పట్టికలో నున్నట్లు. ఆ సంఖ్యలోని కడపటి అంకెలు కారణమును చెప్పును.

ఇంతియే కాదు. ఫలానా సంస్థ పేరుతో ఉత్తరము పంపుటకు ఏ యంత్రములకు హక్కు గలదో తెలుపు ఎస్.పి.ఎఫ్., ఉత్తరము మీది ముద్రను సరిచూచు డికిమ్, ఆ రెండు తప్పినచో ఏమి చేయవలెనో చెప్పు డిమార్క్ – ఇవి యన్నియు డి.ఎన్.ఎస్.లోనే వ్రాయబడియుండును. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు వేలకొలది ఉత్తరములు పంపువారందరికి వీనిని విధిగా చేసినవి. కనుక జల్లెడకు కన్ను డి.ఎన్.ఎస్.; కన్ను మూసుకొనిపోయినచో జల్లెడ తడుముకొనవలసినదే. మా యంత్రమునకు పట్టిన రోగము ఇదియేనని చాల ఆలస్యముగా నాకు తెలిసినది.

సంగతి ఇట్లు జరిగెను. యంత్రమును నెలకొల్పిననాడు పేళ్ళ విచారణకై ఒక పెద్ద సార్వజనిక రిజాల్వరు చిరునామాను నేను వ్రాసితిని. అది వేగముగలది, ఎప్పుడును ఆగనిది. ఇంటి వాడుకకు నిక్షేపమువంటిది. కాని నిషేధ పట్టికలవారు చిన్నవారికి ఉచితముగాను, పెద్ద మొత్తములో అడుగువారికి వెలకును జవాబులిత్తురు. ఎవరెంత అడిగిరో అడిగినవాని సంఖ్యను బట్టి లెక్కింతురు. ఊరందరి తరఫున ఒక్కడే వచ్చి అడిగినచో ఎవరి పాలు ఎంతయో వారికెట్లు తెలియును? కావున అట్టివానికి జవాబీయరు. మా మూడు ఊళ్ళ ప్రశ్నలు దినమునకు కొలదియే. కాని అవి లోకులందరి ప్రశ్నలతో కలిసి ఒకే నోట పోవుచుండెను. అందుచేత మాకు జవాబు రాలేదు.

జవాబు రానప్పుడు జల్లెడ ఏమి చేయును? పంపినవాడెవడో తెలియక మాటలను మాత్రమే చూచి తీర్పు చెప్పును. స్పామ్ లోపలికి రాసాగెను. మిర్యాలగూడ శాఖ నుండి, "రోజుకు ఇరవై చెత్త ఉత్తరాలు వస్తున్నాయి, మీరేం చేస్తున్నారండీ?" అని నన్ను నిలదీసిరి. నేను కారణము వెదుకలేదు. జల్లెడ కన్నములను బిగించితిని. 5 మార్కుల హద్దును 3 చేసితిని. స్పామ్ తగ్గినది. నేను సంతోషించితిని. కోదాడ విద్యార్థిని ఉత్తరము పోయినది ఆ వారముననే. అందులో ‘అభినందనలు’ అనియు, ‘వెంటనే బదులీయుడు’ అను అర్థము వచ్చు మాటలును ఉన్నవి. మోసగాండ్రు వాడునవియు ఆ మాటలే. ఆ ఉత్తరమునకు 3 దాటి, 4లోపు మార్కులు పడినవి. హద్దు 5గా నున్నచో అది ఆమెకు చేరియుండును.

అప్పుడు నేను యంత్రపు దినచర్య పుస్తకమును, అనగా ప్రతి ఉత్తరమునకు అది వ్రాసికొను లెక్కను, మొదటి నుండి చదివితిని. పట్టికవారు మా ప్రశ్నను తిరస్కరించిరని ప్రతి పుటయందును అందులో వ్రాసియేయున్నది. నెలల తరబడి యంత్రము చెప్పుచుండెను, నేను వినలేదు.

సూర్యాపేట యంత్రములోనే సొంత రిజాల్వరును ఏర్పాటు చేసితిని. కాని పాత అలవాటు చొప్పున అది తన ప్రశ్నలను మరల ఆ సార్వజనిక రిజాల్వరునకే అప్పగించునట్లు వ్రాసితిని. ఇంటిలో దూతను పెట్టుకొని, ఆ దూతను మరల ఆ ఊరుమ్మడి మనిషి యొద్దకే పంపినట్లయినది. అంతతో ఆగక, ఈసారి గట్టిగా నుండవలెనని, పట్టిక నుండి ఏ జవాబు వచ్చినను ఉత్తరమును గుమ్మము వద్దనే త్రిప్పి పంపవలెనని నియమించితిని. మరునాడు ఉదయము మొదలు మధ్యాహ్నము వరకు మూడు ఊళ్ళకు ఒక్క ఉత్తరమైన రాలేదు. పట్టికవారు 127.255.255.254 అని జవాబిచ్చుచుండిరి. దాని యర్థము, మీరు సార్వజనిక రిజాల్వరు ద్వారా అడుగుచున్నారు, మేము చెప్పము అని. మా యంత్రము దానిని, అవును, వీడు దొంగ అని చదువుకొన్నది. ‘నీకు చెప్పను’ అన్న మాటకును ‘వాడు దొంగ’ అన్న మాటకును గల భేదము తెలియని కావలివాడు వీధిలో నడచువారినందరిని బంధించును గదా!

అయితే ఆ పూట జరిగిన తప్పును ఆ పూటనే తెలిసికొంటిమి. త్రిప్పబడిన ప్రతి ఉత్తరమునకు, చేరలేదను చీటి పంపినవారికి వెళ్ళినది. మధ్యాహ్నము లోపల నలుగురు మాకు టెలిఫోను చేసిరి. ఎవరి తేదీయు పోలేదు. పెద్ద తప్పు చేసిననాడు ఎవరికి నష్టము రాలేదు. చిన్న తప్పు చేసిననాడు ఒక విద్యార్థిని అవకాశము పోయినది. ఈ వింతను నేను చాలదినములు ఆలోచించితిని.

తరువాతి చికిత్సను సంగ్రహముగా చెప్పెదను. ఇట్టి యంత్రములను చూచుకొనువారికి పనికి రావచ్చును. రిజాల్వరు ఇంకొకరికి అప్పగింపక మూలసర్వరుల నుండి తానే మెట్టుమెట్టుగా అడుగునట్లు మార్చితిని. మొదటిసారి అడిగినప్పుడు కొంచెము ఆలస్యమగును. జ్ఞాపకముంచుకొనును గనుక రెండవసారి కాదు. నిషేధ పట్టికల నుండి వారు ప్రకటించిన జవాబులను మాత్రమే దోషముగా తీసికొనవలెనని నియమించితిని. పరీక్షకై 127.0.0.2 అను సంఖ్యను ప్రతి పట్టికలోను బుద్ధిపూర్వకముగా ఉంచుదురు, 127.0.0.1ని ఉంచరు. మొదటిది ఉన్నదనియు, రెండవది లేదనియు జవాబు వచ్చిననే మన కన్ను సరిగా నున్నట్లు. ప్రతిదినము ఉదయము ఈ రెండు ప్రశ్నలును యంత్రమే అడిగి, తేడా యున్నచో నాకు తెలుపునట్లు చేసితిని. హద్దును మరల 5కు మార్చితిని.

ఇంకొక చిక్కు మిగిలెను. కొన్నిదినములు అంతయు సరిగా నుండును. మరికొన్నిదినములు పట్టికవారు మరల తిరస్కరింతురు. వెదకగా, విద్యుత్తు పోయి వచ్చినప్పుడెల్ల గదిలోని రౌటరు తన అలవాటు చొప్పున సార్వజనిక రిజాల్వరు చిరునామాను యంత్రపు చీటిలో మరల వ్రాయుచున్నదని తెలిసినది. వేసవి గాలివానలకు కరెంటు ఎన్నిసార్లు పోయెనో అన్నిసార్లు మా కన్ను మసకబారెను. రౌటరు మాటను ఆ చీటి మీదికి రానీయకుండ కట్టడి చేసితిని. రెండవ, మూడవ పేళ్ళుగా కూడ బయటివారిని ఉంచలేదు. ఉంచినచో ఇంటివాడు ఒక క్షణము జాగు చేసినప్పుడు యంత్రము వారి యొద్దకు పోవును. అప్పటి నుండి స్పామ్ తగ్గినది. మంచి ఉత్తరమును గూర్చిన ఫిర్యాదు నా కాలములో మరల రాలేదు.

ఈ కథలో యంత్రములు కొత్తవి, నీతి పాతది. మన తపాలా శాఖలో చిరునామా చిక్కని ఉత్తరములకు ప్రత్యేకముగా ఒక కార్యాలయముండెడిది. అచ్చట అధికారులు ఆ ఉత్తరమును తెరచి, పంపినవాని జాడ తీసి, అతనికి త్రిప్పి పంపుచుండిరి. ఉత్తరమును తెరచు హక్కు ఆ ఒక్క పనికై ఇయ్యబడినది. ఏలయన ఉత్తరము చేరకపోవుట కన్న, చేరలేదని తెలియకపోవుట ఘోరము. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ఈమెయిలు రవాణాకు నియమములు వ్రాసినప్పుడు ఈ ధర్మమునే అందులో నిలిపెను. ఒక యంత్రము ఉత్తరమును అందుకొంటినని ఒప్పుకొన్న పిమ్మట దానిని చేర్చవలెను. లేదా చేర్చలేదని పంపినవానికి తెలుపవలెను. మూడవ దారి లేదు. చెత్త అర అనునది తరువాత మనము కల్పించుకొన్న మూడవ దారి. స్పామ్ వరదలో అది అవసరమే కావచ్చును. కాని అచ్చట పడిన గింజను గూర్చి పంపినవానికి తెలియదు, అందవలసినవానికిని తెలియదు.

కనుక ఉత్తరముల కాపరులకు నేను చెప్పదలచినది ఇంతమాత్రమే. అడుగవలసిన ప్రశ్నను మీ నోటనే అడుగుడు. లోకులందరి నోట అడిగినచో మీకు జవాబు రాదు, వచ్చినను మీకర్థము కాదు. తాలు పెరిగినప్పుడు జల్లెడను బిగించుటకు ముందు కన్ను సరిగా నున్నదా యని చూడుడు. త్రిప్పవలసివచ్చినచో గుమ్మము వద్దనే, కారణము చెప్పి త్రిప్పుడు. మిర్యాలగూడ మిల్లులో అనుభవశాలి యైన పనివాడు తవుడు పోవు గొట్టము క్రింద అప్పుడప్పుడు చేయి పెట్టి చూచును. తవుడుతో గింజ పోవుచున్నదేమో యని. యంత్రము మీద అపనమ్మకముచేత కాదు. గింజ మీది గౌరవముచేత.

కోదాడ విద్యార్థినికి ఆ సంస్థవారు మరుసటి సంవత్సరము మరల అవకాశమిచ్చిరి. ఆ ఉత్తరము కూడ మా యంత్రము మీదుగానే వచ్చినది. వచ్చిన క్షణమున నేను లెక్క తెరచి చూచితిని. పంపినవాని సంఖ్యను గూర్చి మూలము నుండి మెట్టుమెట్టుగా మా యంత్రమే అడిగి వచ్చినది, పట్టికలో లేదని జవాబు వచ్చినది, ముద్ర సరిపోయినది. ఉత్తరము ఆమె అరకు పోయెను. అయినను నేను కోదాడకు టెలిఫోను చేసి, "అమ్మా, ఉత్తరం వచ్చింది, చూసుకో" అని చెప్పితిని. ఆ మాట యంత్రము చెప్పవలసిన పని లేదు, నేను చెప్పవలసియుండెను.